పిండి అంటిన కనుబొమ్మ

మా తమ్ముడిది చిన్నప్పటి నుంచీ ఒకటే వరస. ఓడిపోతే ఆటే బాగాలేదంటాడు, గెలిస్తే వీధి వీధంతా పిలిచి చెబుతాడు. హిస్టరీ మాస్టారుగా రిటైరయ్యాక వాడికి ఆడటానికి ఆటేమీ మిగల్లేదు. సరిగ్గా అప్పుడే ఆ దూరదేశంలో ఊళ్లకి ఊళ్లు తగలబెట్టడం మొదలైంది.

ఇలా అంటే వాడికి పని కల్పించడానికే తగలబెట్టారన్నట్టుంది. నా నోరు అంత మంచిది కాదు. ఉద్యోగమంతా డ్రాయింగ్ టీచరుగా గడిపాను. పిల్లలు గీసిన ఏనుగుని చూసి ఇది పంది అని మొహం మీదే చెప్పేసేదాన్ని. ఆ అలవాటు రిటైరైనా పోలేదు.

ఆ దేశంలో సైన్యం ఒక జాతి మొత్తాన్ని తుడిచిపెట్టే పనిలో ఉంది. ఇళ్లు తగలబెట్టడం, మగవాళ్లని వేరు చేసి కాల్చేయడం, మిగిలినవాళ్లని సరిహద్దు దాకా తరమడం. ఆ సైన్యానికి డబ్బు అక్కడి నేలలోంచి తోడే చమురు వల్ల వస్తుంది. ఆ చమురు తోడే కంపెనీలో మా రిటైర్డు టీచర్ల పెన్షన్ ఫండుకి పెద్ద వాటా ఉంది. ఈ సంగతి తవ్వి బయటపెట్టింది మా తమ్ముడే. ఆ మాట ఒప్పుకుని తీరాలి. జీవితమంతా సుద్దముక్కల పొడి పీల్చి మనం దాచుకున్నది అక్కడ తూటాలైపోతోందని వాడు మొదటి మీటింగులో చెప్పిన రోజు నాకు ముద్ద దిగలేదు.

కమిటీ పెట్టాం. తమ్ముడు సెక్రటరీ. ఆ కంపెనీ వాటాలు అమ్మేయమని ఫండు ట్రస్టీల మీద ఒత్తిడి తేవడం మా పని. ప్రతి శనివారం పొద్దున్నే ఫండు భవనం ముందు వరసగా నిలబడేవాళ్లం, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో బోర్డు. బోర్డు మీద అక్కడ చనిపోయిన ఒక మనిషి మొహం, కింద ఒక ముక్క మాట. మొహాలన్నీ నేనే వేశాను, ఫోన్లలో వచ్చిన మసక ఫొటోలు చూసి, ప్లైవుడ్ మీద.

మా పద్ధతులు మాకుండేవి. పీటీ మాస్టారు విజిల్ ఊదితే మౌనం మొదలు, గంట తర్వాత మళ్లీ ఊదితే ముగింపు. ఈలోగా వాన పడనీ, దారినపోయేవాళ్లు తిట్టనీ, ఎవరూ నోరు విప్పకూడదు. బోర్డులన్నీ భవనం కిటికీల వైపే చూడాలి. చనిపోయినవాళ్ల బంధువులు బోర్డు పట్టుకోకూడదు. వాళ్లు ఏడిస్తే మౌనం చెడుతుందని తమ్ముడి వాదన. ఇక ఎవరి మనిషి వాళ్లదే. ఈ వారం పట్టుకున్న మొహమే వచ్చేవారమూ పట్టుకోవాలి, ఆ మనిషి గురించి ఎవరడిగినా గడగడా చెప్పగలగాలి.

దీంతో మావాళ్లకి బోర్డుల మీది మనుషులు సొంతమైపోయారు. "మావాడు నర్సు పని నేర్చుకున్నాడండీ" అని ఒకరంటే, "మా పిల్లకి కవలలు" అని ఇంకొకరు. పక్కనుంచి వింటే పిల్లల పెళ్లిళ్లు కుదుర్చుకుంటున్నారేమో అనిపించేది. పీటీ మాస్టారైతే తన వంతుకి ముసలాయన వచ్చాడని చాలా రోజులు అలిగాడు. ముసలివాళ్ల బోర్డుల్ని పేపరువాళ్లు ఫొటో తీయరట.

ఒక్కటే లోటు. బోర్డు పట్టుకున్నవాళ్లకి ఆ మొహం కనిపించదు. గంటసేపూ కళ్లెదురుగా ఉండేది వెనక చెక్కే.

మా వీధి చివర డ్రైక్లీనింగ్ షాపులో ఒక మూల కుట్టుమిషను వేసుకుని ఒకామె కూర్చునేది. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం ఆమె పని. అందరం దర్జీ అమ్మాయి అనేవాళ్లం. ఆ దేశపు మనిషే. అక్కడ పరిస్థితి ముదరకముందే వచ్చేసి, మా మాట కూడా చకచకా పట్టేసింది. మా దగ్గరున్న ఫొటోల్లో సగం ఆమె ఇచ్చినవే. వాటిలో ఒకటి ఆమె సొంత తమ్ముడిది.

అతనికి అక్కడ చిన్న బేకరీ ఉండేది. ఫొటోలో పకపకా నవ్వుతున్నాడు. ఎడమ కనుబొమ్మకి పిండి అంటుకుని తెల్లగా ఉంది. తీసినవాళ్లు చెప్పినట్టు లేరు, అతనూ చూసుకోలేదు. ఆ పిండి దగ్గర నాకు ఒక పూటంతా పట్టింది. తెల్లరంగు కాస్త ఎక్కువైతే వెంట్రుకలు నెరిసినట్టు, తక్కువైతే రంగు పెచ్చులూడినట్టు. చివరికి బ్రష్ పక్కనపెట్టి, వేలికి రంగు అద్దుకుని ఒక్కసారి అంటించాను. అచ్చం పిండే.

ఊరు తగలబడ్డ దగ్గర్నుంచి అతని జాడ తెలియడం లేదని ఆమె చెప్పింది. కింద "కనిపించడం లేదు" అని రాయబోతుంటే తమ్ముడు అడ్డుపడ్డాడు.

"అలా రాస్తే కుక్కపిల్ల తప్పిపోయిందని గోడకంటించిన కాయితంలా ఉంటుందక్కా. ఆ ఊళ్లో మగవాడన్నవాడు ఎవడు మిగిలాడు గనక? చంపేశారు అని రాయి."

"ఆ అమ్మాయి అలా అనలేదురా."

"ఆమె ఎలా అంటుంది? అక్క కదా. ఆశ ఉంటుంది. మనకి నిజం కావాలి."

అక్షరాలు నావి, మాట వాడిది. "ఇతన్ని చంపేశారు." ఆ బోర్డు నా వంతుకే వచ్చింది. నేనే అడిగి తీసుకున్నాను.

ఎవరు ఎందుకు మెచ్చుతారో చెప్పలేం. అన్ని బోర్డులుండగా జనం కళ్లు దీని మీదే పడ్డాయి. ఒక వారపత్రిక అట్ట మీద వేసింది. కాలేజీ పిల్లలు చొక్కాల మీద అచ్చేసుకున్నారు. ఎడమ కనుబొమ్మకి తెల్లరంగు పూసుకుని ఊరేగింపులు చేశారు. పార్లమెంటు కమిటీ సాక్ష్యాలు అడిగినప్పుడు తమ్ముడు ఈ బొమ్మ ముందు పెట్టి, ఇతను చనిపోయాడని సంతకం పెట్టి మరీ ఇచ్చాడు. దాంతో ట్రస్టీలు దిగొచ్చారు. వాటాలు అమ్మాలా వద్దా అని ఓటింగుకి పెడతామన్నారు.

ఓటింగు ఇంకా కొన్ని వారాలుందనగా ఒక పొద్దున్న నేను టీ పెట్టుకుంటుంటే తలుపు దబదబా మోగింది. దర్జీ అమ్మాయి. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. చెప్పులు కూడా లేవు.

"టీచర్ గారూ, వాడు ఫోన్ చేశాడు. మా తమ్ముడు. బతికే ఉన్నాడు!"

ఇద్దరం వంటగదిలో ఒకళ్లనొకళ్లు పట్టుకుని చిన్నపిల్లల్లా గంతులేశాం. టీ పొంగి పొయ్యి ఆరిపోయింది. ఊళ్లోకి సైన్యం వచ్చిన రోజు అతను చల్లారిన బట్టీలో దూరి కూర్చున్నాడట. తర్వాత కొండలు పట్టుకుని నడిచి, చేతిలో ఫోన్ లేక, ఎక్కడెక్కడో దాక్కుంటూ చివరికి సరిహద్దు దాటి పక్కదేశం క్యాంపులో తేలాడు. మనిషి సగమయ్యాడట. గొంతు మాత్రం మారలేదట.

మర్నాడే ఆమెతో కలిసి వలసల ఆఫీసుకి వెళ్లాను. తోడబుట్టినవాణ్ణి ఇక్కడికి రప్పించుకోవడానికి ఆమెకి హక్కుంది. కౌంటరు వెనక ఆఫీసరు కుర్రాడే, చెడ్డవాడు కాదు. పేరు కొట్టి చూశాడు, ఆమె ఇచ్చిన ఫొటో చూశాడు. తర్వాత స్క్రీను మా వైపు తిప్పాడు. వారపత్రిక అట్ట. నేను వేసిన పిండి.

"ఇతను చనిపోయాడమ్మా. పార్లమెంటుకే సాక్ష్యం ఇచ్చారు. ఇప్పుడు ఫోన్లో మాట్లాడుతున్నది ఎవరో నేనెలా చెప్పను? చచ్చిపోయినవాళ్ల పేర్లు పెట్టుకుని వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు."

"ఆ బొమ్మ వేసింది నేనే బాబూ. తప్పని నేనే చెబుతున్నాను" అన్నాను.

"మీరు బొమ్మ వేశారు. సంతకం పెట్టింది మీ సెక్రటరీ గారు. ఆయన ఆ సాక్ష్యం వెనక్కి తీసుకుంటున్నానని రాసిస్తే చాలు, నేను ఆ రోజే పిలుపు కాయితం పంపిస్తాను. కాస్త తొందరపడండి. అక్కడ క్యాంపు ఖాళీ చేస్తారంటున్నారు. వేరే దేశం నుంచి పిలుపు లేనివాళ్లని వెనక్కి తోలేస్తారట."

నాకు కొండంత బరువు దిగినట్టయింది. సెక్రటరీ అంటే ఎవరు? నా తమ్ముడు. చిన్నప్పుడు నేను ముక్కు తుడిచినవాడు. నడుచుకుంటూ వెళ్లి సంతకం పెట్టించుకు రావడమే కదా అనుకున్నాను. ఆమెతో అదే అన్నాను కూడా.

తమ్ముడు విని, "కమిటీలో పెడదాం" అన్నాడు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. వాడు ఇష్టమైన పని ఒక్కడే చేస్తాడు. ఇష్టం లేనిదైతేనే కమిటీలో పెడతాడు.

మీటింగు మా పాత బడి స్టాఫ్‌రూములో జరిగింది. అవే బల్లలు, వాటి మీద అవే టీ కప్పుల మరకలు. దర్జీ అమ్మాయి ఫోన్ బల్ల మధ్యలో పెట్టి స్పీకరు ఆన్ చేసింది. క్యాంపులో ఎవరిదో ఫోన్ అడిగి తీసుకున్నాడట. గరగరమంటూ ఒక మగగొంతు, వెనకాల పిల్లల ఏడుపులు. అతను వాళ్ల భాషలో అంటుంటే ఆమె మాకు చెబుతోంది.

"అందరికీ నమస్కారం అంటున్నాడు. తన కోసం ప్రతివారం ఎండలో నిలబడ్డారని విన్నాడట. బతికున్నప్పుడు మా ఊళ్లో ఎవరూ తనని ఇంత బాగా చూసుకోలేదట."

కొందరు నవ్వారు. లైబ్రరీ మేడమ్ కొంగుతో కళ్లొత్తుకుంది. పీటీ మాస్టారు ముక్కు చీదాడు.

"తన బొమ్మ వేసినావిడ ఇక్కడుందా అని అడుగుతున్నాడు."

"ఉన్నానని చెప్పమ్మా."

ఆమె చెప్పింది. అటునుంచి ఏదో అని పకపకా నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు. పంటి పంటిదీ కొలత వేసి గీసినదాన్ని.

"వేసేముందు ఆ పిండి తుడవొచ్చు కదా, పరువు తీశారు అంటున్నాడు."

తర్వాత అతని గొంతు మారింది. ఆమె మాకు చెప్పకుండా రెండు మూడు ప్రశ్నలు అడిగింది. ఆ తర్వాతే చెప్పింది. క్యాంపు గేటు దగ్గర లారీలు వచ్చి ఆగాయట. ఎప్పుడు ఎక్కిస్తారో తెలియదట. ఫోన్ కట్టయింది.

"నువ్వు కాసేపు బయట కూర్చోమ్మా" అన్నాడు తమ్ముడు ఎంతో మెత్తగా.

తలుపు మూశాక వాడు లేచి నిలబడ్డాడు. క్లాసు చెప్పినట్టే చెప్పాడు. "ట్రస్టీల ఛైర్మన్ ఏమన్నాడో పేపర్లో చూశారుగా? ఈ రిటైర్డు మాస్టార్లు లేని శవాల కోసం ఏడుస్తున్నారన్నాడు. ఓటింగు రెండు వారాల్లో ఉంది. ఇప్పుడు మనమే వెళ్లి, అట్ట మీద బొమ్మ పడ్డవాడు బతికే ఉన్నాడని చెబితే ఏమవుతుంది? ఒక్కడు బతికితే అందరూ బతికే ఉన్నారంటారు. మొత్తం అబద్ధమంటారు. ఇన్నాళ్ల కష్టం నీళ్లపాలు. నేను సంతకం పెట్టనని అనడం లేదు. ఓటింగు అయిన మర్నాడు పెడతాను. రెండు వారాలు ఆగుదాం, అంతే."

"లారీలు ఆగుతాయా?" అన్నాను.

"లారీలు వచ్చి ఆగడం, పోవడం అక్కడ మామూలేనక్కా. ఎన్నిసార్లు వినలేదు?"

చేతులెత్తమన్నాడు. ఆగుదామన్నవాళ్లు ఎత్తాలి. ఇప్పుడే కళ్లు తుడుచుకున్న చేతులన్నీ ఒకదాని తర్వాత ఒకటి లేచాయి. పీటీ మాస్టారు నా వైపు చూడకుండా ఎత్తాడు. లైబ్రరీ మేడమ్ సగం ఎత్తి, చుట్టూ చూసి, పూర్తిగా ఎత్తింది. నా చేతులు రెండూ బల్ల కిందే ఉన్నాయి. ఒంటికాలి మీద లేచి అందర్నీ కడిగేశాను. ఏం లాభం? వాళ్లు ఓపిగ్గా విన్నారు. మా ఉద్యోగంలో అందరికీ అబ్బేది అదొక్కటే, ఎదుటివాళ్లు అరుస్తుంటే మొహం మార్చకుండా కూర్చోవడం.

దర్జీ అమ్మాయి వరండాలో పిల్లలు కూర్చునే పొట్టి బెంచీ మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. నా మొహం చూసి అర్థం చేసుకుంది.

"మీరు బోర్డు మీద 'చంపేశారు' అని రాస్తే నాకు చెప్పలేక అలా రాశారనుకున్నాను టీచర్ గారూ" అంది. "చదువుకున్నవాళ్లు, పెద్దవాళ్లు, మీకేదో కబురు తెలిసే ఉంటుందనుకున్నాను. ఆ వారమంతా మిషను ముట్టలేదు. వాడి కోసం ఏడవాల్సిందంతా ఏడ్చేశాను. మళ్లీ నా చేత ఏడిపించకండి."

నేను అక్కడి నుంచి తిన్నగా తమ్ముడింటికి వెళ్లాను. వాడు వంటగదిలో నిలబడి కప్పులు కడుగుతున్నాడు. మరదలు నన్ను చూసి పక్కగదిలోకి తప్పుకుంది.

"సంతకం పెట్టు."

"అక్కా, నువ్వు ఒక్కణ్ణే చూస్తున్నావు. నేను అందర్నీ చూడాలి. అక్కడ లక్షలమంది ఉన్నారు."

"లక్షలమంది నీతో ఫోన్లో మాట్లాడారా? వీడు మాట్లాడాడు. నువ్వు విన్నావు."

"ఈ ఓటింగు గెలిస్తే ఇంకో పది ఫండులు మన దారి పడతాయి. ఆ సైన్యానికి ఊపిరి ఆడదు. దాని కోసం ఒక్కడి విషయంలో కాస్త ఆలస్యమైతే..."

"అక్కడ తుపాకీ పట్టుకున్నవాడు కూడా ఇదే అంటాడురా. పెద్ద పని ఒకటుంది, మధ్యలో ఈ ఒక్కడూ అడ్డం అంటాడు."

వాడి చేతిలోంచి కప్పు సింకులో జారి పగిలింది. ఎర్రబడ్డ మొహంతో నా వైపు తిరిగాడు. "నన్ను వాళ్లతో పోలుస్తావా? నీ తమ్ముణ్ణి?"

"నీ చేత్తో ఒక్క గీత గీస్తే బతికేవాడు వాడు. గీయనంటున్నావు. ఇంకెవరితో పోల్చను?"

వాడు కప్పు ముక్కలు ఏరుతూ ఉండిపోయాడు. నేను వచ్చేశాను.

ఇంటికొచ్చి బోర్డు బల్ల మీద పడుకోబెట్టి, "ఇతన్ని చంపేశారు" మీద తెల్లరంగు పూశాను. అది ఆరాక దాని మీద నల్లగా రాశాను. "ఇతను బతికే ఉన్నాడు." శనివారం దాన్ని పట్టుకుని నా చోట్లో నిలబడ్డాను. పీటీ మాస్టారు విజిల్ ఊదబోతూ చూసి నీళ్లు నమిలాడు. నా పక్కవాళ్లిద్దరూ వాళ్ల బోర్డులు కాస్త నా బోర్డు ముందుకి జరిపారు. అంతా మౌనమే. మౌనం ముసుగులో ఎంత పనైనా చేయొచ్చని ఆ రోజు నాకు తెలిసింది.

విజిల్ తర్వాత పేపరు విలేకరి ఒకమ్మాయి నా దగ్గరికి వచ్చి, ఇదేమిటి మేడమ్ అంది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె రాసుకుంటూనే తమ్ముడి వైపు చూసింది. వాడు వచ్చి నా భుజం చుట్టూ చెయ్యి వేశాడు.

"మా అక్క. ఈ బొమ్మలన్నీ ఆవిడవే. ఆ బొమ్మ వేసి వేసి అతన్ని సొంత కొడుకులా అనుకుంటోంది. ఈమధ్య కాస్త మతిమరుపు కూడా... మీరు రాయకండి, ఇంట్లో బాధపడతాం."

విలేకరి మొహంలో జాలి వచ్చేసింది. పెన్ను మూసేసి, నా చెయ్యి నిమిరి, "టేక్ కేర్ మేడమ్" అని వెళ్లిపోయింది. నా తమ్ముడు. నా ఒళ్లో పెరిగినవాడు. ఆ చెయ్యి అలాగే నా భుజం మీద ఉంది, నేను విదిలించేదాకా. ఆ రోజు నుంచి కమిటీవాళ్లు నాతో నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి మాట్లాడటం మొదలుపెట్టారు.

దర్జీ అమ్మాయిని తీసుకుని పేపరాఫీసుకి వెళదామనుకున్నాను. ఆమె ఒప్పుకోలేదు. మిషను మీద ఎవరిదో కోటు పెట్టుకుని, చేతులు ఆడుతూనే ఉన్నాయి.

"వద్దు టీచర్ గారూ. సార్ మర్నాడే పెడతానన్నారు కదా. ఇప్పుడు ఆయనకి కోపం తెప్పిస్తే అసలుకే పెట్టరేమో. మీరు గొడవ చేయకండి, మీ కాళ్లు పట్టుకుంటాను."

ఆమె భయం అబద్ధం కాదు. నా తమ్ముణ్ణి నాకంటే ఆమే బాగా అంచనా వేసింది. నేను నోరు మూసుకున్నాను.

ఓటింగు రోజు భవనం బయట మేమందరం ఉన్నాం. పైనుంచి కబురు వచ్చింది, గెలిచాం. వాటాలు అమ్మేస్తున్నారు. పీటీ మాస్టారు విజిల్ ఊది ఊది ఊపిరాడక మెట్ల మీద కూలబడ్డాడు. ముసలివాళ్లు ఒకళ్లనొకళ్లు కావలించుకున్నారు. తమ్ముడు కెమెరాల ముందు మాట్లాడాడు. బాగా మాట్లాడాడు, అబద్ధమెందుకు. తర్వాత నాలుగైదు ఫండులు మా దారిలోనే వాటాలు అమ్మేశాయి. ఫండులు అమ్మినవన్నీ ఇంకెవరో హాయిగా కొనుక్కున్నారు. పైపులో చమురు ఒక్క చుక్క తగ్గలేదు. అది వేరే సంగతి.

మర్నాడు పొద్దున్నే తమ్ముడు సంతకం పెట్టిన కాయితం పట్టుకుని డ్రైక్లీనింగ్ షాపుకి తనే వెళ్లాడు. దారిలో మా ఇంటి ముందు ఆగి, "చూశావా? మాట తప్పానా?" అన్నాడు. కౌంటరు కుర్రాడు కూడా మాట తప్పలేదు, ఆ మధ్యాహ్నమే పంపించాడు.

అందుకోవడానికి అటువైపు మనిషి లేడు. ఓటింగుకి ముందురోజే లారీలు కదిలాయి. ఆమె పగలంతా ఫోన్ చెవికి పెట్టుకుని జిప్పులు కుట్టింది. కొన్నాళ్లకి వాళ్ల ఊరి మనిషి ఒకతను ఇంకో దేశం నుంచి ఫోన్ చేశాడు. సరిహద్దు వంతెన అవతల లారీలు ఆపి, మగవాళ్లని దింపి, ఏటి ఒడ్డున నిలబెట్టారట. అతను ఆడవాళ్లున్న లారీలో దుప్పట్ల కింద ఉండి చూశాడు. బేకరీ అబ్బాయి రెండో వరసలో ఉన్నాడని చెప్పాడు.

ఈ సంగతి తెలిసి తమ్ముడు మా ఇంటికి వచ్చి ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు, వెక్కిళ్లు పెట్టి ఏడ్చాడు. నాకు అందుకే ఒళ్లు మండింది. ఏడ్చి, మొహం కడుక్కుని, టీ తాగాక అసలు మాటకి వచ్చాడు. ఆ చమురు కంపెనీకి అప్పిచ్చే బ్యాంకు ఒకటుంది, వచ్చే శనివారం నుంచి దాని ముందు నిలబడాలట.

"ఆ బోర్డు కావాలక్కా. జనానికి గుర్తున్నది ఆ మొహమే. కింద మాట సరిచేసి ఇస్తావా? ఇప్పుడు అందులో తప్పేం లేదు కదా."

వాణ్ణి కొట్టాలనిపించింది. చెయ్యి లేవలేదు. "బయటికి నడు" అన్నాను. నడిచాడు.

ఆ సాయంత్రమే దర్జీ అమ్మాయి వచ్చింది. తమ్ముడు ఆమెని కూడా అడిగాడట, మీ వాడి బోర్డు పెట్టుకోవచ్చా అని. పెట్టుకోండి, కానీ నేనే పట్టుకుంటాను అందట. వాడు కాదనలేకపోయాడు.

బోర్డు తీసి బల్ల మీద పెట్టాను. నల్లరంగు డబ్బా మూత తెరిచి, బ్రష్ చేతిలోకి తీసుకుని అలాగే నిలబడ్డాను. ఆమె కాసేపు తన తమ్ముడి మొహం చూసి, కనుబొమ్మ మీది తెల్లటి మరకని బొటనవేలితో రుద్దింది, తుడవడానికన్నట్టు. తర్వాత మెడలో వేలాడుతున్న దారాల కత్తెర తీసుకుని, "ఇతను బతికే ఉన్నాడు" అన్న చోట గీకడం మొదలుపెట్టింది. తెల్లరంగు పెచ్చులు పెచ్చులుగా రాలింది. కొత్తగా రాయాల్సిన పని లేకపోయింది. కింద పాత మాట చెక్కు చెదరకుండా ఉంది. రాలిన పెచ్చుల్ని ఆమె అరచేతిలోకి ఊడ్చుకుని చెత్తబుట్టలో పోసింది.

శనివారం బ్యాంకు ముందుకి అందరం చేరాం. నేను రానని అనుకున్నారు. నాకోసం కాదు, ఆమె ఒక్కత్తే ఉంటుందని వెళ్లాను. నాకు పీటీ మాస్టారి ముసలాయన్ని ఇచ్చారు. పీటీ మాస్టారు విజిల్ ఊదాడు. మౌనం మొదలైంది.

దర్జీ అమ్మాయి వరస మధ్యలో నా చోట్లోనే నిలబడి ఉంది. విజిల్ ఆగీ ఆగకముందే నాలుగడుగులు ముందుకి వేసింది. ఎక్కడికో అనుకున్నాను. ఆగి, బ్యాంకు వైపు వీపు పెట్టి, మా వైపు తిరిగింది. బోర్డు గుండెకి ఆనించి పట్టుకుంది.

ఆమె ఏడవలేదు. ఒక్క మాట అనలేదు. ఆమెని అటు తిరగమని చెప్పాలంటే ఎవరో ఒకరు నోరు విప్పాలి. మా పద్ధతి ప్రకారం ఎవరూ విప్పకూడదు. తమ్ముడు నాకు ఇద్దరి అవతల ఉన్నాడు. వాడి బోర్డు మెల్లగా కిందికి దిగి నేలకి ఆనింది.

ఇన్ని శనివారాలు ఆ బోర్డు వెనక చెక్కనే చూస్తూ నిలబడ్డాను. వరసలో నిలబడి ఆ మొహం చూడటం అదే మొదటిసారి. పళ్లు బాగా కుదిరాయి. పిండి కూడా. కింద రెండు మాటలు, గీకిన చోట కత్తెర గాట్లతో సహా, మా అందరి వైపూ చూస్తున్నాయి.

గంట ఎప్పుడో దాటిపోయింది. పీటీ మాస్టారు విజిల్ నోట్లో పెట్టుకునే ఉన్నాడు. ఊదలేదు.